పైకి ఎత్తకూడని చేప

చింతామణి బస్టాండులో దిగి సంత వైపు నడిచేటప్పుడు పట్టుగూళ్లు ఉడికే వాసన వస్తుంది. అది నాకు చిన్నప్పటినుంచీ అలవాటే. మొన్న మాత్రం ఆ వాసనను చీల్చుకుంటూ ఇంకొకటి వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగేంత ఘాటు. చేపలంగడి ముందు కరుగుతున్న ఐసుపెట్టె వైపు చూడకముందే అందులో ఏముందో నాకు తెలిసిపోయింది. పళ్లెంలా చదునుగా, కొరడాలాంటి తోకతో ఉండే టెంకి చేప. దాని రక్తంలో యూరియా ఎక్కువ. చచ్చాక అదే అమ్మోనియాగా మారి ఇలా ముక్కును కోస్తుంది. ఈ సంగతి నాకు మొదట చెప్పింది వసుంధర మేడం. ఆమె పోయి కొన్నేళ్లయింది. అయినా ఆ పెట్టె ముందు నిలబడగానే ఏదో ఆలస్యమైపోయినట్టు గబగబా అందులోకి వంగి చూశాను.

మేడం బాగేపల్లిలో మాకు జీవశాస్త్రం చెప్పేవారు. నంది ఊళ్లో తరతరాలుగా గుడి సేవ చేసుకున్న కుటుంబం వాళ్లది. ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగరు. అలాంటి ఇంటి ఆడపిల్ల సముద్రపు చేపల మీద పరిశోధన మొదలుపెట్టి, తల్లి జబ్బుపడితే మధ్యలో వదిలేసి వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో చేరిపోయింది. ఆమెది భయపడే స్వభావం. తాళం వేసి నాలుగడుగులు నడిచి మళ్లీ వెనక్కి వెళ్లి లాగి చూసేవారు. పేరేసంద్ర దగ్గర బస్సు వేగం పెంచితే ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకునేవారు. పిల్లలం చాటున నవ్వుకునేవాళ్లం.

ఒక ఆదివారం నన్ను చింతామణికి వెంటబెట్టుకెళ్లారు. చేపలంగడి ఖాదరన్న ఆమెను చూడగానే స్టూలు జరిపాడు.

“వచ్చిండాదమ్మా, మీ చేప. నెల్లూరు పక్కనుంచి. కడుపు లావుగా ఉండాది చూడండి.”

దాని వీపు నిండా చిరుతపులికున్నట్టు మచ్చలు. అంత అందమైన చేపను నేను అంతవరకు చూడలేదు. ఖాదరన్న పొట్ట కోశాడు. లోపల గుడ్లు లేవు. ఒకే ఒక పిల్ల ఉంది. రెండు రెక్కలూ తమలపాకు చుట్టినట్టు పొట్టమీదికి చుట్టుకుని, తల్లిలాగే మచ్చలతో, పుట్టడానికి సిద్ధంగా ఉంది.

“ఇది గుడ్లు పెట్టే జాతి కాదు పాపా,” అన్నారు మేడం నాతో. “కడుపులోనే పాలలాంటిది ఊరించి సాకుతాది. ఒకటో రెండో పిల్లలు, అంతే. ఆ పిల్ల తల్లయ్యేకి ఎన్నో ఏండ్లు పడతాది. మనమేమో రోజూ వల వేస్తాండాం.”

“మరి అయిపోతాయి కదా మేడం?”

ఖాదరన్న కత్తి పక్కన పెట్టి, ఆ పిల్లను కడిగి అరిటాకులో చుట్టి ఆమె చేతికిచ్చాడు. తిరుగు బస్సులో మేడం బంధువుల ఆవిడ ఒకామె, చేపపిల్లను పెట్టిన సంచివైపు చూసి ముక్కు మూసుకుని, “గుడి ఇంట్లో పుట్టి ఇదేం ఖర్మే నీకు, వసూ!” అంది. మేడం తల వంచుకున్నారు. కానీ ఊరొచ్చేదాకా నాతో మాట్లాడింది మాత్రం ఆ మాట గురించి కాదు. “ఇట్లా ఇంకెన్ని పోతాండాయో, యాడ పోతాండాయో ఎవరికీ తెలీదు పాపా,” అని అదే మళ్లీ మళ్లీ అన్నారు.

నేను డిగ్రీలో ఉండగా ఆమె పాఠాలుండని వేసవి రజాల్లో తీరానికి వెళ్తూ నన్నూ రమ్మన్నారు. ప్రాణంతో వలలో పడ్డ టెంకిలను వదిలేయమని పడవలవాళ్లను ఒప్పించాలని ఆమె ఆశ. ఏ సైజులో కడుపుతో ఉంటాయో, వదిలిన వాటి బరువెంతో ఆధారంతో చూపిస్తే ఒక పరిశోధనా సంస్థ సహాయం చేస్తామంది. మా అమ్మ ఏడ్చినంత పని చేసింది. “చెరువులో దిగేకే భయపడే పిల్లవు, సముద్రం మీదికి పోతావా?” మేడం మా ఇంటికొచ్చి, “నాకు మీకన్నా ఎక్కువ భయమమ్మా. అందుకే జాగ్రత్తగా చూసుకుంటా,” అన్నారు. అమ్మ ఒప్పుకుంది.

పడవ మీద రెండోరోజే వలలో మచ్చల టెంకి పడింది. ప్రాణంతో ఉంది. తోక మొదట్లో విషపు ముల్లు ఉంటుంది కాబట్టి పడవ పెద్ద ఏడుకొండలు తోక నరకబోయాడు. మేడం అడ్డం పడి, తడిగోనె చుట్టించి, మెల్లగా పడవలోకి ఎత్తించారు. కొలవడానికి టేపు విప్పుతున్నారు. అంతలో ఆ చేప ఒళ్లంతా ఒక్కసారి బిగుసుకుంది. దాని కడుపులోంచి పిల్ల జారి చెక్కల మీద పడింది. నెలలు నిండలేదు. పొట్టకు పచ్చసొన సంచి ఇంకా వేలాడుతోంది.

“ఎత్తితే ఇట్టాగే వేసేస్తయ్యమ్మా, అదిరిపోయి,” అన్నాడు ఏడుకొండలు.

మేడం టేపు వదిలేశారు. “నీళ్లలోకి! ముందు తల్లిని నీళ్లలోకి!” అని అరిచారు. ఆమె గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. వదలగానే తల్లి లోతుకు వెళ్లిపోయింది. పిల్లను ఆమె తన చేతులతోనే నీళ్లలో విడిచారు. అది ఈదలేదు. ఆకులా తిరుగుతూ కిందికి దిగిపోయింది. ఒడ్డుకు చేరేదాకా ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

“నాకు చదువులో తెలుసు పాపా, భయపడితే ఈనేస్తాయని,” అన్నారు చివరకు. “తెలిసీ ఎత్తినా. కాపాడాలని వచ్చి, చూడాలనే ఆత్రంలో ఎత్తినా.”

మరునాటినుంచి ఆమె బతికున్న ఒక్క టెంకినీ పైకి ఎత్తనివ్వలేదు. చచ్చి ఒడ్డుకొచ్చినవాటినే కొలిచారు. పడవ పక్కకు వంగి, బతికున్నవి నీళ్లలో ఉండగానే వల కోయించి వదిలించేవారు. సంస్థవాళ్లు ఊరుకోలేదు. “బరువు లేదు, ఫొటో సరిగా లేదు, వదిలారని ఎట్లా నమ్మాలి?” అన్నారు. ఆమె వాదించలేదు. సహాయం ఆగిపోయింది. పరిశోధన రెండోసారీ మధ్యలోనే నిలిచిపోయింది. అయినా ప్రతి రజాకూ సొంతంగా వెళ్లి, వల కోసినందుకు కొత్త వల కొనిచ్చి వచ్చేవారు. ఏడుకొండలు, అతని తమ్ముళ్లు మెల్లగా ఆమె దారికొచ్చారు. వదిలినవి బతికాయో లేదో ఆమెకు ఏనాడూ తెలియలేదు. ఆ బెంగతో నిద్ర పట్టదని నాతో చాలాసార్లు అన్నారు.

తరువాత నాకు తీరంలోనే, చేపల మీద పనిచేసే ఉద్యోగం వచ్చింది. మేడం నందిలో మంచం పట్టినప్పుడు ఒక పొద్దున ఫోన్ చేసి, మచ్చల టెంకి వలలో పడిందని చెప్పాను. కడుపుతో ఉందని కూడా చెప్పాను.

“పైకి ఎత్తలేదు కదా?”

“లేదు మేడం.”

“నీళ్లలోనేనా?”

“నీళ్లలోనే.”

“సరే పాపా,” అన్నారు. అదే మా ఆఖరి మాట.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు అడుగుతుంటారు, కొంచెం ఎత్తితే ఏమవుతుంది మేడం, ఒక్క ఫొటోకే కదా అని. వాళ్ల ఆత్రం నాకు అర్థమవుతుంది. ఏ ప్రాణిని చూసినా దగ్గరగా చూడాలని, చేతుల్లోకి తీసుకోవాలని నాకూ ఉంటుంది. ఆ ఆశ కలిగిన క్షణంలోనే, నా ప్రేమ దానికేం చేటు తెస్తుందోనన్న భయం కూడా కలుగుతుంది. ఆ భయం మేడం నాకిచ్చింది. అది పోవాలని నేనెప్పుడూ కోరుకోలేదు.