పినాంగు పాముల గుడికి పోయిన మా మునియక్క

మా బావ కుప్పుసామిని వాషర్‌మెన్‌పేటలో అందరూ కోతలరాయుడనే వాళ్లు. వింటే నాకే ఒళ్లు మండేది, ఇక ఆయనను కట్టుకున్న మా మునియక్క సంగతి చెప్పనే అక్కర్లేదు. బావ సింగపూరు స్టీమరులో వంటవాడు. హార్బరులో దిగిన ప్రతిసారీ మా వీధి అరుగు మీద కూర్చుని దేశదేశాల వింతలు చెప్పేవాడు. అందరూ మెచ్చుకునే మేడలూ తోటలూ ఆయన కంటికి ఆనవు. సముద్రంలో గుంజలు పాతి వాటి మీద చీనావాళ్లు కట్టుకున్న వీధి లాంటివే ఆయనకు కావాలి. వాటన్నిటిలో పెద్దది, సింగపూరు దారిలో స్టీమరు ఆగే పినాంగు రేవులోని పాముల గుడి. ఆ గుళ్లో పచ్చటి పాములు దేవుడి ముందరే కొమ్మలకు చుట్టుకుని పడుకుంటాయట, ఎవరినీ ఏమీ చెయ్యవట.

యాభై ఏడో సంవత్సరం ఎండాకాలంలో, కొళాయి దగ్గర, ఎదురింటి రాసాత్తి ఊరుకోలేక నోరు పారేసుకుంది.

"ఏం మునియక్కా, ఈ తూరి మీ ఆయన మొసలికి గుడి చూసినాడా, పులికా?"

ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. అక్క బిందెను ధన్‌మని కింద పెట్టింది.

"నేనే పోయి చూసొస్తా. అది అబద్ధమయితే ఈ కొళాయి కాడ మళ్లా బిందె పెట్టను, పో!"

మా వీధి మొత్తానికీ అదొక్కటే కొళాయి. మాట జారాక గానీ అక్కకు ఆ సంగతి గుర్తు రాలేదు.

బావ సంతోషిస్తాడనుకుంటే మొహం మాడ్చుకున్నాడు. "నీకెందుకు మే సముద్రం? వాంతులయి చస్తావు" అన్నాడు. అక్క వింటేగా! చుట్టాల కాళ్లా వేళ్లా పడి, బావ స్టీమరుకే, పైతట్టున చాప పరుచుకుని పోయే డెక్కు టిక్కెట్టు సంపాదించింది. కానీ ఈయన వద్దన్నాడెందుకు? అదంతా కోతేనా? స్టీమరులో ఉన్నన్నాళ్లూ కడుపులో తిప్పిన దానికంటే ఆ అనుమానమే తనను ఎక్కువ తిప్పిందని తరువాత నాతో చెప్పింది.

పినాంగులో బస్సు దిగి కొబ్బరిచెట్ల మధ్య నడుస్తుంటే గుడి కనబడింది. అక్క ప్రాణం లేచి వచ్చింది. మెట్ల దగ్గరకు రాగానే బావ ఆగిపోయాడు.

"నువ్వు పో. నేను ఈడ చెప్పులు చూసుకుంటా."

"ఈ తెగిపోయిన చెప్పుల్ని ఎవురెత్తుకుపోతారు? రా."

ఆయన కదలలేదు. మొహమంతా చెమట.

"నిజం చెప్పు. ఇన్ని తూర్లు వచ్చినావే, ఒగసారన్నా లోపలికి పోయినావా?"

"ఎట్ట పోయేది మే? పురుగు గదా!" అన్నాడు బావ. మా ఇళ్లలో పామును పామనరు, పురుగనే అంటారు. "నాకు భయం. బయటికొచ్చే వాళ్లను అడిగి తెలుసుకుంటి."

అక్కకు మళ్లీ అనుమానం పట్టుకుంది. ఆ ముక్కూ మొహం తెలియని వాళ్లు సరదాకి చెప్పి ఉంటేనో? ఇక ఆయనను తిట్టడానికి కూడా ఓపిక లేక ఒక్కతే లోపలికి పోయింది.

లోపల అంతా అగరొత్తుల పొగ. కళ్లు మండి మొదట ఏమీ కనబడలేదు. తరువాత పీఠం పక్కన ఎండుకొమ్మ మీది పచ్చటి ఆకు మెల్లగా తల తిప్పింది. ఆ పక్కన ఇంకొకటి, దాని కింద ఇంకొకటి. వాటి ముందర పళ్లెంలో కోడిగుడ్లు ఉన్నాయి. గుడ్లను చూడగానే అక్కకు భయం పోయింది. ఇంటి దగ్గర శుక్రవారం శుక్రవారం పుట్ట దగ్గర తాను పెట్టేవీ అవే కదా!

"తల్లీ, ఈడ కూడా ఉండావా?" అని కొంగుముడి విప్పి, ఊరినుంచి తెచ్చిన పసుపు ఆ పాము నెత్తిన చల్లబోయింది. చీనా పూజారి పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. పసుపును అగరొత్తుల గిన్నె పక్కన పెట్టించి, ఏదో అని నవ్వాడట. అక్క కూడా నవ్విందట.

బయటికి రాగానే బావ ఎదురొచ్చాడు. "ఉండాయా? నిజంగానే ఉండాయా మే?"

"పదేండ్లు నాకు చెప్పినోడు నన్నడుగుతాండాడే! కోపమంతా యాడికి పోయిందో, ఏడుపొచ్చేసింది కోకిలా" అంది అక్క తరువాత నాతో.

తిరిగొచ్చిన సాయంత్రం వీధంతా మా అరుగు చుట్టూ చేరింది. అందరికంటే ముందు రాసాత్తే చతికిలబడింది. అక్క పొగ దగ్గర్నుంచి గుడ్ల దాకా పూసగుచ్చినట్టు చెప్పింది. చెబుతూ చెబుతూ, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అబద్ధమాడని మా మునియక్క, "మా ఆయనే నా చెయ్యి పట్టుకోని ముందర నడిచినాడు. లేకుంటే ఆ పురుగుల మధ్యకు నేను పోతానా?" అనేసింది.

"ఓయమ్మా!" అంది రాసాత్తి, బావ వైపు కొత్తగా చూస్తూ. పదేళ్లుగా ఆయన నిజాన్ని నమ్మని వీధి ఈ మాటను గుటుక్కున మింగేసింది.

బావ మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, నోరు తెరుచుకుని వింటున్నాడు. అన్నీ మరిచిపోయి, "ఎంత పొడుగుండాది మే అది?" అని అడిగేశాడు.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఇక గుట్టు బయటపడిందనే అనుకున్నాను.

మా అక్క రెప్ప వాల్చలేదు. "నీకెట్ట తెలుస్తాది? కండ్లు మూసుకోని మొక్కుతా ఉంటివి గదా!" అంది.