అల్ హైల్‌లో రెండు గిన్నెలు

నిన్న మస్కట్ బౌషర్‌లో కూరగాయలు కొనడానికి వెళ్లి, మాంసం అమ్మే అద్దాల పెట్టె ముందు ఆగిపోయాను. అడ్డంగా కోసిన దూడకాళ్ల ముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. ప్రతి ముక్క నడుమ గుండ్రటి ఎముక, దాని నిండా తెల్లటి మూలుగ. నేను అటువైపు చూసే మనిషిని కాను. కౌంటర్ వెనకాయన "కిత్నా దూఁ, సాబ్?" అని ఎంత కావాలో అడిగితే తల అడ్డంగా ఊపాను. అయినా కాళ్లు కదల్లేదు. నాలుగేళ్ల కిందటి ఒక శుక్రవారం గుర్తొచ్చి నిలబడిపోయాను.

మాది గడీ ఉన్న కుటుంబం. ఉత్తర తెలంగాణలో మూడు ఊళ్ల మీద పెత్తనం చేసిన వంశం. గడీ కూలింది, భూములు పోయాయి. వంశం మాత్రం నా రూపంలో మస్కట్‌లో ఒక కంపెనీ స్టోర్‌లో నట్లు, బోల్టులు ఇచ్చి సంతకాలు తీసుకుంటోంది. అయినా నేను కుర్చీలో వెన్ను ఆనించి కూర్చోను. మా నాయన ఏనాడూ అలా కూర్చోలేదు కనుక. దీన్ని చూసి లోలోపల నవ్వుకునేవాళ్లలో మా ఊరాయన ఒకడు. నాకంటే ఆరేళ్లు పెద్ద. వాళ్ల ఇల్లు మాదిగవాడలో. వాళ్ల నాయన మా గడీలో వెట్టి చేసినవాడు. ఆయన ఇక్కడ ఒక ఇటలీ ఇంజనీరు ఇంట్లో పదకొండేళ్లు వంట చేశాడు. ప్రతి శుక్రవారం అల్ హైల్‌లోని తన రూమ్‌కు భోజనానికి పిలిచేవాడు. నేను వెళ్లేవాణ్ని, మంచినీళ్లు కూడా ముట్టకుండా తిరిగొచ్చేవాణ్ని. ఒక వారం ఒక్కపొద్దు, ఒక వారం కడుపులో మంట, ఇంకో వారం ఇప్పుడే తిన్నాను. నా కడుపులో లేని రోగం లేదని ఆయన నమ్మినట్టే ఉండేవాడు.

ఇంజనీరు దేశం వెళ్లిపోయాడు, ఈయన వీసా క్యాన్సిల్ అయింది. ఆదివారం విమానం. "ఈ ఒక్క శుక్రారం తినిపోండ్రి దొరా. మల్ల నేనేడ, మీరేడ" అని ఫోన్ చేశాడు. ఈసారి సాకు తోచలేదు.

నేను వెళ్లేసరికి మెట్ల దాకా వాసన వస్తోంది. ఇంజనీరు భార్య నేర్పిన వంటట, ఒస్సో బూకో. నడుమ తూటున్న ఎముక అని అర్థమట. మాంసం ఎముకను వదిలిపోకుండా ప్రతి ముక్క చుట్టూ దారం కట్టాడు. మైదా అద్ది, వెన్నలో ఎర్రగా వేయించి, సన్నగా తరిగిన ఉల్లి, క్యారెట్, టమాటాల్లో రెండు గంటలుగా సన్నటి మంట మీద ఉడికిస్తున్నాడు. ఇంజనీరు ఇంట్లో సారా లాంటిదేదో పోసేవాళ్లట. ఈయన ద్రాక్షరసంలో చెంచాడు వెనిగర్ కలిపి పోశాడు. చక్కగా వింటూ ఉన్నవాణ్ని, ఏం మాంసమని అడిగి చెడిపోయాను.

"లేగదూడది" అన్నాడు, ఉప్పు ఎంతో చెప్పినంత తేలిగ్గా.

నేను గడప దాకా వెనక్కి నడిచాను.

"అగో, గట్ల పోతున్నరేంది? మీది గా చిన్న గిన్నెల ఉన్నది. మేకది, యాట నల్లి. గంటె వేరే, పల్లెం గూడ కొత్తది, స్టిక్కరే పీకలే."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ మా వంశం మాట చెప్పకుండా కూర్చోవడం నాకు చేతకాదు. ఊరు తిరగబడి మా గడీ మీదికి వచ్చిన రోజుల్లో మా నాయన ఆరు రోజులు కనబడకుండా పోయాడు. అడవిలో వాగునీళ్లు తాగి బతికాడే తప్ప కానిచోట మెతుకు ముట్టలేదని మా ఇంట్లో చెప్పుకుంటాం. మస్కట్‌లో ఆ కథ నా నోట వినని తెలుగువాడు లేడు. ఆయనకూ మళ్లీ చెప్పాను, నిలబడే. ఏడు తరాలుగా ఆ మాంసం మా గడప దాటలేదని కూడా అన్నాను.

ఆయన మంట తగ్గించి, చేతులు తుడుచుకుని నావైపు తిరిగాడు.

"మాంసం దాటలే. పెద్ద దొరనే దాటిండు. ఆ ఆరు రోజులు మా ఇంట్లనే ఉండె, అటుక మీద."

అబద్ధమన్నాను.

"నాకప్పుడు పన్నెండేండ్లు. మా నాయినకు గూడ ఇష్టం లేకుండె, అమ్మనే ఎక్కించింది. ఇంట్ల ఇంకేం లేదు, దూడ బొక్కల షోర్వ కాసింది. మొదటి రోజు మొకం తిప్పుకున్నడు. రెండో రోజు తాగిండు. మూడో రోజు ఇంకింత ఉన్నదా అన్నడు. నిటారుగ కూసుందామంటే కప్పు తాకుతుండె, ఒంగి కూసుండి తిన్నడు."

పెద్ద గిన్నెలోంచి ఒక ముక్క తీసి, ఎముకను ఎడమ మణికట్టు మీద రెండుసార్లు తట్టాడు. మూలుగ జారి పల్లెంలో పడింది. మా నాయన యాట నల్లిని అచ్చం అలాగే తట్టేవాడు. అది దొరల పద్ధతి అనుకుని చిన్నప్పుడు నేనూ నేర్చుకున్నాను. మా బాబాయిలు, తాతలు ఎవరూ అలా తట్టేవారు కాదని ఆ క్షణం దాకా నాకు తట్టలేదు.

"ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు?"

"తను ఉన్నన్ని రోజులు చెప్పొద్దని అమ్మ ఒట్టు పెట్టించుకున్నది. మొన్న నెలకింద పోయింది గద." ఎముకను పల్లెం అంచున పెట్టాడు. "మీ నాయిన తిన్నడని మిమ్మల్ని దూడది తినుమంటలేను. మీది మీకే ఉన్నది. మా ఇంట్ల ఒక్కసారి కూసోని తినుండ్రి, గంతే."

కూర్చున్నాను. నిమ్మతొక్క, వెల్లుల్లి, ఏదో ఆకు కలిపి తరిగింది తన వేళ్లతోనే నా పల్లెంలో చల్లాడు. పెద్ద గిన్నె వైపు నా చెయ్యి పోలేదు; పోయిందని రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. చిన్న గిన్నె దాదాపు ఖాళీ చేశాను. మూడోసారి వడ్డించబోతూ "కడుపుల మంట ఏమైంది దొరా?" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక నాకు కళ్లెత్తడం కష్టమైంది.

అటుక మీద గడిపిన ఆ ఆరు రోజుల తర్వాత మా నాయన ఇరవై రెండేళ్లు బతికాడు. నేను ఇల్లు విడిచేదాకా రోజూ రెండు పూటలా నా పక్కనే కూర్చుని తిన్నాడు, తనను కాపాడిన ఆ తల్లి మాట ఎత్తలేదు. నేను సెలవుకు వెళ్లిన ప్రతిసారీ ఆ ఊళ్లో దిగాను, వాడ దాకా నడిచి ఆయన తల్లిని ఒక్కసారి పలకరించలేదు. ఆమె అన్నేళ్లూ అక్కడే ఉంది. ఆమె గడప దాకా వెళ్లడానికి కాలం చాలలేదని చెప్పుకునే వీలు నాయనకూ నాకూ లేదు.