ఇంజన్ చెడలేదని చెప్పిన పెద్దమ్మ

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. గత వారం పొద్దున్న నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతుంటే ఆమె కోడలు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. రాంచీ వైపు మనుషుల పిల్ల. ఏడుస్తూ హిందీలో "దీదీ, మా చలీ గయీ" అంది. నాకు వినబడలేదనుకుందేమో, అత్తగారి దగ్గర నేర్చుకున్న తెలుగులో మళ్ళీ చెప్పింది. "అమ్మ ఎల్లిపోనాది."

ఆమె నాకు చుట్టం కాదు. డిగ్నాబాద్‌లో మా రెండిళ్ళకీ మధ్య ఒక రేకు గోడ, అంతే. శ్రీకాకుళం ఒడ్డు నుంచి కొత్త పెళ్ళికూతురిగా ఓడెక్కి ఈ దీవులకు వచ్చింది. కొడుక్కి నడక రాకముందే భర్త పోయాడు. బుట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మి ఆ పిల్లాణ్ణి పెంచింది. డాలీగంజ్ వీధుల్లో ఆమె దగ్గర కొన్నవాళ్ళు మీలోనూ ఉండే ఉంటారు. చేప నిన్నటిదైతే అడక్కముందే చెప్పేసేది. "అలా చెప్తే ఎవరు కొంటారప్పా?" అని మా అమ్మ నవ్వేది. "నిన్నటిదాన్ని నేటిదంటే, రేపు నేటిదాన్ని కూడా నమ్మరు సెల్లీ" అనేది పెద్దమ్మ.

కొడుకు డింగీ మీద, అంటే చిన్న ఇంజను పడవ మీద, చేపల వేటకెళ్ళేవాడు. ఒకసారి జరావా ఆదివాసులకు కేటాయించిన రిజర్వు తీరానికి పోయాడు. ఆ నీళ్ళలో వల వెయ్యకూడదని ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు. చేప మాత్రం అక్కడే మెండు. గస్తీ బోటు వాళ్ళకి దొరికిపోయాడు. ఇంటికి చేరేసరికి మోకాలు విరిగి ఉంది, అరికాళ్ళు వాచి నల్లబడి ఉన్నాయి. పారిపోతూ రాళ్ళ మీద పడ్డాడని వాళ్ళు రాసుకున్నారు. ఊళ్ళో ఒక వకీలు ఢిల్లీకి ఫిర్యాదు పంపితే, చాలా నెలల తర్వాత మానవ హక్కుల కమిషన్ వాళ్ళు విచారణకు వచ్చారు.

ముందురోజు సాయంత్రం వీధంతా పెద్దమ్మ ఇంట్లోనే ఉంది. అందరిదీ ఒకటే సలహా. ఇంజన్ చెడిపోయింది, పోటు అటు లాక్కుపోయింది అని చెప్పాలి. వల సంగతి ఒప్పుకుంటే రిజర్వు కేసు మెడకు చుట్టుకుంటుంది. మంచం మీంచి కొడుకూ అన్నాడు, "అమ్మా, ఇంజన్ ఖరాబ్ అయిందను, బస్. ఇంకేటీ సెప్పకు." పెద్దమ్మ అందరికీ టీ పోసింది. ఔననలేదు, కాదనలేదు.

విచారణకు నన్ను తోడు తీసుకెళ్ళింది, తన తెలుగుని హిందీలో చెప్పడానికి. బజార్లో ఆమె హిందీ గడగడా మాట్లాడేది. అదే అడిగితే, "కోపం, ఏడుపు నాకు తెలుగులోనే వస్తాయే" అంది.

గెస్ట్‌హౌస్ గదిలో కొడుకుని కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. కమిషన్ తరఫున వచ్చిన పెద్దాయన అడిగాడు, మీ అబ్బాయి అటెందుకు వెళ్ళాడని.

పెద్దమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "ఇంజన్ బాగానే ఉంది బాబూ. వల ఎయ్యడానికే ఎల్లాడు. ఒద్దన్నాను, ఇన్నేదు."

నేను కొడుకు వైపు చూశాను. "సెప్పవే" అంది. చెప్పాను.

"ఆడిది తప్పే. ఆ తప్పుకి కోర్టుంది, జైలుంది. కట్టేసి అరికాళ్ళ మీద కొట్టమని ఎవరు సెప్పినారు? రాళ్ళ మీద పడినోడికి అరికాళ్ళు వాస్తాయా? నా సేత్తో కాపడం పెట్టినాను బాబూ."

పెద్దాయన రాయడం ఆపాడు. "కొడుకు తప్పు దాచని తల్లి మిగతాది కల్పించి చెప్పదు" అన్నాడు హిందీలో. ఆ మాట నేను ఆమెకి మళ్ళీ చెప్పక్కర్లేకపోయింది. కొడుకు మాత్రం మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు.

కొట్టింది నిజమేనని కమిషన్ తేల్చింది. కొట్టినవాళ్ళ మీద చర్య తీసుకోమంది, తీసుకున్నారు కూడా. కానీ రిజర్వు కేసు దాని దారిన అది నడిచింది. కన్నతల్లే ఒప్పుకున్నాక వాదించడానికేముందని వకీలు చేతులెత్తేశాడు. కొడుకు జైలుకెళ్ళాడు. తిరిగొచ్చాక ఆ కాలితో వేటకు పోలేక, గుమ్మంలో కూర్చుని పదిమంది వలలూ బాగుచేసేవాడు. తల్లితో మాట మానేశాడు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. ఆమె కంచంలో అన్నం పెట్టేది, అతను తలొంచుకుని తినేవాడు. పెళ్ళయ్యాక మాత్రం "మీ అత్తకి చెప్పు" అని భార్యతో అనేవాడు. ఏళ్ళ తరబడి అంతే.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "అలా చెప్పినందుకు బాధపడ్డావా పెద్దమ్మా?" అని. చేప పొలుసు గీస్తున్న చెయ్యి ఆగింది.

"సెప్పినందుకు కాదే. ముందురోజే ఆడి పక్కన కూకుని, ఒరే నాను నిజమే సెప్తాన్రా అని ఆడితో అనుండాల్సింది. ఒద్దంటాడని బయమేసింది. పరాయోళ్ళ మజ్జిన ఇనాల్సొచ్చింది ఆడికి." మళ్ళీ పొలుసు గీస్తూ, "నిజం ఎవుడికి తగుల్తాదో, ఆడికి ముందు సెప్పాలే" అంది.

ఈ మాట అతనికి నేను చెప్పనా అంటే ఒప్పుకోలేదు. "నా మాట నానే సెప్పుకుంటాను" అంది. చెప్పుకోలేకపోయిందని కోడలు అంటుంది. పొయ్యి దగ్గర ఎన్నోసార్లు నోరు తెరిచి, అతను తలెత్తకపోతే కొంగుతో మూతి తుడుచుకుని ఊరుకునేదట.

పెద్దమ్మ అస్థికలు సముద్రంలో కలపడానికి డింగీ సిద్ధం చేశారు. "కాలు బాగోలేదు కదా భయ్యా, నువ్వు ఒడ్డునుండు, మేం కలిపొస్తాం" అన్నారు వేట కుర్రాళ్ళు. కొడుకు వినలేదు. ఇద్దరు చంకల కింద చేతులేసి ఎక్కించారు. జైలు నుంచి వచ్చాక అతను సముద్రం మీదికి వెళ్ళడం అదే మొదలు. అస్థికల ముంతను ఎవరికీ ఇవ్వకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. డింగీ జెట్టీ విడిచి కాస్త దూరం పోగానే, దాని మీదికి బాగా వంగాడు. పెదవులు కదులుతున్నాయి. ఒడ్డునున్న మాకు మోటారు చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. డింగీ మలుపు తిరిగేదాకా అతను తలెత్తకుండా, ఆగకుండా, ఆ ముంతతో మాట్లాడుతూనే ఉన్నాడు.