బాపు పిస్తోలుకు యాడి కుట్టిన సంచి

సూర్యాపేటలో మేముండే ఇంటి నుంచి నేను పాఠాలు చెప్పే బడికి వెళ్లాలంటే, లారీల మీద కప్పే తాటిపత్రులు కుట్టే దుకాణాల ముందు నుంచి నడవాలి. ఎండ ఎక్కేకొద్దీ ఆ మందపాటి గుడ్డల నుంచి మైనమూ కిరోసినూ తడి గోనెసంచీ కలిసినట్టు ఒక వాసన లేస్తుంది. నాతో నడిచే టీచర్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే మా బాపు ఇంకా ఇంటికి రాలేదనిపిస్తుంది. బాపు రిటైరై ఏళ్లయింది, ఆ వేళకు ఇంట్లో కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటూ ఉంటాడు. అయినా ఆ సంగతి నా ముక్కుకు ఇప్పటికీ తెలియదు.

మా బాపు గన్‌మన్. హాలియా దగ్గరి ఒక తండాలో పుట్టి, పోలీసు కానిస్టేబులై, మిర్యాలగూడలో రైసు మిల్లులూ రాజకీయమూ రెండూ నడిపే ఒక నాయకుడికి కాపలాగా పడ్డాడు. ఆ నాయకుణ్ణి ఊరంతా సారు అనేది, మేమూ అలాగే అనేవాళ్లం. మా లంబాడీ మాటలో అమ్మను యాడి అంటాం. యాడి, బాపు, నేను, మిల్లుల వెనక వీధిలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. పొద్దున లేస్తే ఉడకబెట్టిన వడ్ల పులిసిన వాసన, ఆరేసిన బట్టల మీద నల్లటి ఊక బూడిద. వానాకాలంలో ఆ బూడిదే వాకిట్లో బురదై మడమల దాకా అంటుకునేది, ఎండాకాలంలో రేకుల కింద మధ్యాహ్నం పూట పడుకోలేక, తడిపిన గోనెపట్టాను కిటికీకి కట్టుకుని, దాని చల్లదనంలో గులకరాళ్లతో అచ్చంగిల్లాలు ఆడుకుంటూ సాయంత్రం కోసం ఎదురు చూసేదాన్ని. ఆటలో ఉన్నా ఒక చెవి ఎప్పుడూ వీధి మలుపులో జీపు చప్పుడు మీదే ఉండేది.

అవి అడవుల్లో అన్నలు తిరిగే రోజులు. సారుకు బెదిరింపులు వచ్చేవి. నాయకుడి సంగతి అటుంచి, పక్కనున్న గన్‌మన్ దగ్గరి తుపాకి కోసమే వాణ్ణి చంపేస్తారని మా వీధిలో ఆడవాళ్లు చెప్పుకునేవారు. మా యాడి వినకూడదన్నట్టు గొంతు తగ్గించి, ఆమెకు బాగా వినపడేలా. అందుకే బాపు యూనిఫాం కాకుండా సఫారీ చొక్కా వేసుకుని, దాని కింద పిస్తోలు దాచుకునేవాడు. అది పైకి కనపడితే ప్రాణానికి ముప్పు, ఎక్కడైనా పోతే ఉద్యోగం ఊడి జైలు. ఈ రెండు భయాల మధ్యే మేం వండుకున్నాం, తిన్నాం, పండగలు చేసుకున్నాం.

కోదాడలో సారు చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు అంతపనీ జరగబోయింది. భోజనం చేసి చేతులు కడుక్కోవడానికి బాపు వంగేసరికి, నడుము దగ్గరి తోలు సంచి గుండీ ఊడి, పిస్తోలు జారి, ఎంగిలి నీళ్లలో పడిందట. వెనక వరసలో నిలబడ్డ ఒక లావుపాటి పెద్దమ్మ, చేతిరుమాలు పడినట్టే, "ఏమండీ, మీదేదో పడిందండీ, చూసుకోండి!" అందట. బాపు ఇంటికొచ్చి అది చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. యాడి ముఖం చూసి నవ్వు మింగేశాను.

"ఆ పెద్దమ్మ సూడకపోతే గీ పాటికి నేను లోపలుండేటోణ్ణి," అన్నాడు బాపు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

ఇక నడుముకు వద్దని, ఎవరో పెద్ద అధికారి గన్‌మన్ దగ్గర చూసి, చంక కింద వేలాడే తోలు సంచి ఒకటి సూర్యాపేటలో బెల్టులూ బ్యాగులూ కుట్టే దుకాణంలో చేయించుకున్నాడు. చూడ్డానికి కొత్త పెళ్లికొడుకు చెప్పుల్లా నిగనిగలాడేది. పక్షం తిరక్కుండానే దాని పట్టీ మెడ పక్కన కోసింది, అంచు చంకలో ఒరుసుకుని పుండయింది, రోహిణి కార్తె చెమటకు ఆ పుండు మీద ఉప్పు చల్లినట్టయ్యేది. బాపు ఎడమ చెయ్యి దించలేక, రెక్క విరిగిన కోడిలా నడిచేవాడు. యాడి కొబ్బరినూనె రాస్తూ పళ్లు కొరికేది.

"గా తోలు గట్టిదే. మనిషి తోలే ఆగుతలేదు," అని ఒకరోజు ఆ సంచిని గూట్లో పారేసి, "ఇగ నేను కుడత," అంది.

యాడికి తండా కుట్టు తెలుసు. అద్దాలూ గవ్వలూ పెట్టి, గుడ్డ మీద గుడ్డ పరిచి, చీమల బారు లాంటి దగ్గర దగ్గర కుట్టు వేసేది. కానీ పిస్తోలు ముట్టుకోనంది. బాపు ఇంటికి రాగానే తూటాలు తీసి, అవొక పెట్టెలో, అదొక పెట్టెలో తాళం వేసేవాడు. ఆ పెట్టె పక్కన చీపురు కూడా పెట్టేది కాదామె. చివరికి బాపు ఖాళీ పిస్తోలును కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి ఇచ్చాడు. ఆ గీతను బట్టి యాడి బంకమట్టితో ఒక పిస్తోలు చేసింది. బరువు చాలలేదని మట్టిలో ఇనుప నట్లు కుక్కింది. బాపు ఒక చేతిలో ఇది, ఇంకో చేతిలో అసలుది పట్టుకుని, కూరగాయలు తూచినట్టు తూచి, "ఇప్పుడు సమానమైంది," అనేదాకా యాడి ఊరుకోలేదు.

మేళ్లచెరువులో సిమెంటు లారీ తోలే మా మామ పాత తాటిపత్రి ముక్క ఒకటి తెచ్చిచ్చాడు. ఇల్లంతా ఆ వాసనే. ఆ ముక్కతో యాడి చంక సంచి కుట్టింది, లోపల పాత నూలు చీరతో మెత్తటి అస్తరు వేసింది. చెమటకు కంపు కొట్టకుండా అస్తరు ఊడదీసి ఉతుక్కునేలా రెండు జతలు చేసింది. అవి దండెం మీద ఆరుతుంటే పక్కింటివాళ్లు ఇదేం బట్ట అని అడిగేవారు. పలకసంచిలో వేసే గుడ్డ అని చెప్పమని నాకు నేర్పారు. నేను చెప్పేదాన్నే గాని, చెప్పిన ప్రతిసారీ చెవులు వేడెక్కేవి.

ఇక పరీక్షలు మొదలయ్యాయి. బాపు మట్టి పిస్తోలు తగిలించుకుని మంచం ఎక్కి దూకాలి, అది జీపు దిగడం. బోరింగు కొట్టినట్టు వంగి లేవాలి. పీట మీద కూర్చుని ఉత్త కంచంలో అన్నం కలిపినట్టు చెయ్యాలి. నేను పక్కన నిలబడి సంచి ఊగితే "ఊగింది!" అని అరవాలి. మొదట్లో బరువంతా ఎడమవైపుకు లాగేసేది. కావడికి రెండువైపులా బరువుండాలి కదా అని యాడి కుడిచంక కింద కూడా చిన్న సంచి పెట్టి, విడి తూటాలు అందులో వేసుకోమంది. కింది కొసలు ప్యాంటు బెల్టుకు తగిలించేసరికి వంగినా ఊగడం మానింది. భుజాల మీద పట్టీ కోయకుండా, నెత్తిన బిందె కింద పెట్టుకునే చుట్టబట్టలాగా పొరలు పొరలుగా గుడ్డ మడిచి కుట్టింది. వెనక మాత్రం రెండు పట్టీలనూ మా తండా ఆడవాళ్ల రవికెలాగా వీపు మీద అడ్డంగా తాళ్లతో ముడేసింది.

బాపు అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుని సిగ్గుపడ్డాడు. "ఆడోళ్ల రవికె లెక్కున్నది గదనే. స్టేషన్ల సూస్తే నవ్వరా?"

"పొద్దంత వంగి నాటేస్తం, నెత్తిమీద గడ్డిమోపు మోస్తం. ఎన్నడన్న జారిందా? నవ్వేటోళ్లను నవ్వనియ్," అంది యాడి.

అంత ధీమాగా చెప్పినా మట్టి పిస్తోలు ఎన్నిసార్లు జారి పగిలిందో. పగిలిన ప్రతిసారీ యాడి అసలుదే పోయినట్టు గుండెల మీద చెయ్యి వేసుకునేది. ఆఖరుకు పిడి మీదుగా ఒక పట్టీ వేసి, దానికి కోటు గుండీ కుట్టి, కాజా బాగా బిగుతుగా పెట్టింది. అప్పుడు మంచం మీదనుంచి దూకినా, తలకిందులుగా వంగినా పడలేదు. యాడి తృప్తిగా ఊపిరి పీల్చుకుంది. బాపు మాత్రం ఆ గుండీ తీసి చూసి, వేసి చూసి, "ఇది పడదు సరే. అక్కరకు రావాల్నంటే ఎట్ల? గుండీ ఊడదీసేలోపట పని ఖతమైతది," అన్నాడు.

మా ఇంట్లో పోరు అక్కడ మొదలైంది. కాజా వదులు చెయ్యమని బాపు, చేస్తే కోదాడలో పడ్డట్టు పడుతుందని యాడి. రేపు చేస్తాననేది, చేసేది కాదు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించేది, అదే నా బాధ. గుండీ బిగుతుంటే బాపు చచ్చిపోతాడు, వదులుంటే జైలుకు పోతాడు. పలక మీద లెక్కలు చేస్తూ కూడా ఈ లెక్కే నాకు తెగేది కాదు.

ఆ శ్రావణంలో తీజ్ పండగకు తండాకు వెళ్లాం. బుట్టల్లో మొలిచిన గోధుమ నారు లేత పచ్చగా తలలూపుతోంది, పెళ్లికాని పిల్లలు పాటలు పాడుతూ ఆ నారుకు నీళ్లు పోస్తున్నారు, ఇంటింటా కాల్చిన రొట్టెలు నెయ్యీ బెల్లమూ వేసి పిసికిన చుర్మో కమ్మగా వాసన కొడుతోంది. చిన్నాయనలు ఆటలోకి లాగితే బాపు రానన్నాడు. ఎడమ చెయ్యి సంచి మీద అదిమిపెట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. పిల్లలెవరు ఎడమవైపు నుంచి మీద పడబోయినా ఎత్తి కుడివైపు దించేవాడు. పోలీసైనాక పొగరెక్కిందని ఎవరో అన్నారు. నోట్లో చుర్మో ఉన్నా నాకు తియ్యగా లేదు.

కోతలు ఇంకా మొదలుకాని రోజుల్లో, వేములపల్లి వైపు కాలువ చివరి భూములకు నీళ్లందలేదని రైతులు గొడవ చేస్తుంటే సారు మాట్లాడడానికి వెళ్లాడు. ఆ సాయంత్రం జీపు మామూలు కంటే ముందే వచ్చింది. బాపు లోపలికి రాకుండా గడప మీదే కూర్చున్నాడు. యాడి నీళ్ల చెంబు పట్టుకుని అలాగే నిలబడింది. నేను ఆమె వెనక నిలబడ్డాను. బాపు నేల చూస్తూ చెప్పాడు.

జనంలోంచి గొంగడి కప్పుకున్న ఒక ముసలాయన తోసుకుంటూ సారు మీదికి వచ్చాడట. గొంగడి కిందినుంచి, తువ్వాలు చుట్టిన పొడుగాటి వస్తువు సారు గుండెకేసి చాచాడట. బాపు చెయ్యి చొక్కాలోకి పోయింది. గుండీ రాలేదు. ఇంకోసారి గుంజాడు, రాలేదు. అంతలోకే తువ్వాలు జారిపోయింది. లోపల వేళ్లతో సహా పీకిన వరి దుబ్బు, ఎండి గడ్డయిపోయింది. "సూడు సారూ, ఇదే నా పంట," అని ముసలాయన దాన్ని సారు కాళ్ల దగ్గర పడేసి కూలబడి ఏడ్చాడట.

"గుండీ వచ్చుంటే ముసలాయన సచ్చేటోడు," అన్నాడు బాపు. "కాజా గట్లనే ఉండనియ్. వదులు చెయ్యకు."

యాడి చెంబు కింద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, అరిచింది. "అది వరిగడ్డి గాబట్టి గిట్ల చెప్తున్నవ్. నిజంగ తుపాకే అయ్యుంటే? ఇయ్యాల నేనే నిన్ను సంపుకునేదాన్ని గదా!"

అన్నాళ్లూ బిగుతే ఉండాలన్న మనిషి ఆ క్షణమే బ్లేడు తెచ్చింది. బాపు వద్దంటున్నా వినకుండా సంచి లాక్కుని, కాజా కోసి, బొటనవేలితో అంటే చాలు గుండీ ఊడేలా చేసి, అంచు చుట్టూ మళ్లీ కుట్టింది. సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది, నెత్తురు ఆ గుడ్డకే తుడుచుకుంది. మర్నాడు బాపు అదే తొడుక్కుని వెళ్లాడు.

ఆ తర్వాత బాపు చాలా ఏళ్లు పనిచేశాడు. పిస్తోలు ఎక్కడా పడలేదు, తియ్యాల్సిన అవసరమూ రాలేదు. రిటైరైన రోజు యాడి ఆ సంచి కుట్లన్నీ కత్తెరతో విప్పి, ముక్కలు చేసి, నీళ్లు కాచే పొయ్యిలో వేసింది. ఇప్పుడు అన్నల మాట ఎవరూ ఎత్తరు. గన్‌మన్లకు ఫోనులో ఆర్డరిస్తే ఇంటికొచ్చే నైలాను పట్టీలున్నాయి. తండాలో నా ఈడు వాళ్లెవరికీ ఆ కుట్టు రాదు, నాకూ రాదు. యాడి కూడా పోయింది.

మొన్న ఆదివారం, చాయ్ పెడదామని లేస్తూ, ఊరికే బాపును అడిగాను, యాడి కాజా వదులు చేశాక ఎప్పుడూ పిస్తోలు జారిపోతుందని భయమెయ్యలేదా అని.

బాపు పేపరు దించి చెప్పాడు. "దాన్ని వదులుంచితే గద బిడ్డా. గల్లీ మలుపు తిరగంగనే, సైకిల్ ట్యూబు కోసిన రింగొకటి గుండీకి తొడిగేటోణ్ణి. మల్ల బిగుతయ్యేది. ఇంటికొచ్చేటప్పుడు తీసి జేబులేసుకునేటోణ్ణి."

"ఎందుకు బాపూ?"

"ఆ ముసలాయన మొకం యాదికొచ్చేది. చెయ్యి జర ఆగాలె అనిపించేది. నాకేమన్న అయితే కానియ్ అనుకున్న."

"యాడికి చెప్పలేదా?"

"చెప్తే ఆమెకు నిద్ర పడ్తదా? గుండీ అల్కగ వస్తదని ధైర్నంగ ఉండేది. ఉండనీ అనుకున్న."

పేపరు మడిచి, పాల ప్యాకెట్ తెస్తానని చెప్పులేసుకుని వెళ్లాడు. రోజూ వెళ్లేదే, దుకాణం వీధి చివరే. అన్నేళ్లు గడిచాయి, ఏమీ కాలేదని తెలుసు, అయినా ఆయన తిరిగొచ్చేదాకా పొయ్యి వెలిగించలేక గేటు పట్టుకుని నిలబడ్డాను.