తాడు మీద గౌను

చాలీచాలని జీతాల పనివాళ్లకు కేంద్రం సొమ్ముతో పటాన్‌చెరులో కడుతున్న రెండు గదుల ఇళ్లు సంసారం ఉన్నవాళ్లకే ఇస్తారట. ఒంటరివాడికి ఎండా వానా తగలవు కాబోలు. నేను గుంటూరు నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చి ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఒక్కణ్ణే ఉంటున్నాను. ఇవాళ విచారణకు ఆఫీసరు వస్తున్నాడని తెలిసి, పక్కింటి మల్లమ్మ తన చీర, కూతురి గౌను తెచ్చి నా గది ముందు తాడు మీద ఆరేసింది.

"పరేషాన్ గాకన్నా. అడిగితే పెండ్లాం తల్లిగారింటికి పోయిందని చెప్పు" అంది.

ఆఫీసరు సైకిల్ దిగి తాడు వైపు చూశాడు. భార్య సంగతి అడగనే లేదు.

"పాప పేరేంది?" అన్నాడు.

"సుగుణ" అన్నాను. ఒక్క క్షణమైనా తడుముకోలేదు.

ఆయన రాసుకుని వెళ్లిపోయాడు. ఇల్లు వచ్చేలాగే ఉంది.

సాయంత్రం మల్లమ్మ బట్టల కోసం వచ్చింది. గౌను ఇంకా తడిగా ఉన్నట్టుంది, కాసేపు ఉండనీ అన్నాను.

"గప్పుడే ఆరింది గదన్నా" అని నవ్వి తీసుకుపోయింది.

ఇప్పుడు తాడు మీద నా తువ్వాలు ఒక్కటే ఉంది. రెండు గదుల ఇంట్లో ఒక్కడివీ ఏం చేస్తావని మాత్రం అడక్కండి. సుగుణ అన్న పేరు బాగుందో లేదో చెప్పండి, చాలు.