గీత కూడా పడని రెక్క

వానాకాలం మొదట్లో నాకు అక్కడ సెక్యూరిటీ గార్డు డ్యూటీ పడింది. తార్నాక చౌరస్తాలో బస్సు దిగి యూనివర్సిటీ క్యాంపస్ లోపలికి నడిచాను. ముసురు. బురద. ఏజెన్సీ ఇచ్చిన బూట్లు మగవాళ్లవి, ముందు గుడ్డలు కుక్కుకున్నాను. నీలం చొక్కా, నల్ల బెల్టు, లాఠీ, వాకీటాకీ సెట్టు. మా ఆయన పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి కోడలు రాస్తోంది. ఒక్క మాట కూడా మెత్తగా చేయవద్దన్నాను.

నా పోస్టు ల్యాబ్ తలుపు. సూపర్‌వైజర్ ఆర్డర్ ఇచ్చాడు: "ఎవ్వర్ని లోపటికి పోనియ్యకు. సామాన్ ముట్టకు. ఏమన్న అయితే సెట్‌ల చెప్పు."

లోపల కార్బన్ ఫైబర్ రెక్కలను పరీక్షిస్తారు. పెద్ద డ్రోన్లకు బిగించేవి, ఫ్యాన్ రెక్కల్లా తిరిగేవి. మూరెడు పొడవు, నల్లగా, నున్నగా. కోయకుండా, విరగ్గొట్టకుండా లోపలి దెబ్బ కనిపెట్టాలి. టెక్నీషియన్ లాలాపేట అబ్బాయి. రెక్కను నీళ్ల తొట్టిలో ఉంచి మిషన్ నడిపేవాడు.

"ఏంది తమ్మీ గిది?"

"కడుపుతోని ఉన్నోళ్లకు తీస్తరు సూడు అక్కా, గసొంటి స్కానింగే. దెబ్బ తాకినా పైకి నున్నగనే ఉంటది. లోపట పొరలు ఇడిసిపోతయి. గీ మిషన్‌కే దొరుకుతది."

"మరి ఆడో మగో చెప్తదా?"

"చెప్పొద్దక్కా, జైల్ల ఏస్తరు."

తెల్లారితే రెక్క తిరగడం చూడటానికి గెస్టులు వస్తారనగా, పరీక్షలో పాసైన రెక్కలను రీసెర్చ్ స్టూడెంట్ ఒకడు మోసుకొస్తున్నాడు. ఫోన్ మోగింది. ఒక రెక్క జారి ఇనుప బల్ల అంచుకు తగిలి కింద పడింది. వాడు తీసి చొక్కాతో తుడిచాడు. "ఏం కాలేదమ్మా, ఎవ్వరికి చెప్పకు" అన్నాడు.

సెట్ నొక్కాను. "సార్, రెక్క కింద పడ్డది."

"పలిగిందా?"

"లేదు."

"మరెందుకు లొల్లి? నీది తలుపు డ్యూటీ. ఓవర్."

ఊరుకోలేదు. టెక్నీషియన్‌కు చెప్పాను. అతను పెద్దసారును పిలుచుకొచ్చాడు. సారు రెక్కను లైటు కింద తిప్పి చూశాడు. "గీత కూడా లేదు కదయ్యా. మళ్లీ స్కాన్ అంటే సగం రోజు పోతుంది. మొన్ననే పాసైన పీస్ ఇది."

"మొన్న పాసయింది సార్. పడ్డది ఇయ్యాల."

"మోటారుకు బిగించు."

బిగించాడు. ఆర్డర్ ఆర్డరే.

పొద్దున శాలువాలు, సమోసాలు. ఫొటోలకు అడ్డమొస్తోందని మోటారు చుట్టూ ఉండే ఇనుప జాలీకి తలుపు తీసేయించారు. స్విచ్ దగ్గర టెక్నీషియన్. రెక్క తిరిగింది, ఈల వేసినట్టు. తర్వాత ఒక్కటే చప్పుడు. విరిగిన ముక్క జాలీకి తలుపు లేని చోటు నుంచి దూసుకొచ్చింది.

సెట్‌లో అరిచాను. "అంబులెన్స్ పంపుండ్రి! మనిషి పడ్డడు! నెత్తురు!"

"ఎవరికి? గెస్టులకా?"

"కాదు."

"హమ్మయ్య" అన్నాడు సూపర్‌వైజర్. ఆ మాట నా చెవుల్లో ఉంది. మట్టిలో కలిసేదాకా ఉంటుంది.

విరిగిన ముక్కలను గ్లౌజులతో ఏరి, స్పాంజిలో చుట్టి, రెండు రోజులు స్కాన్ చేశారు. అప్పుడు దొరికింది టైము. ఎంక్వైరీలో, కింద పడ్డ రెక్కనే బిగించారని నేను చెబితే ఒక సారు అడిగాడు: "నీకు చదువు రాదు కదమ్మా, ఏ రెక్క పడిందో ఎట్లా గుర్తుపట్టావు?"

"చదువు రాకుంటే కండ్లు గూడ ఉండయా సార్?"

ఆ వారమే నన్ను డ్యూటీలోంచి తీసేశారు. బూట్లు, బెల్టు ఏజెన్సీ బల్ల మీద విసిరేశాను. రామంతాపూర్‌లో ఇంటికి పోయే ముందు లాలాపేటకు, టెక్నీషియన్ ఇంటికి వెళ్లాను.

అతని కుడిచేతిని మణికట్టు పైదాకా తీసేశారు. భోజనానికి కూర్చున్నాడు. భార్య తినిపిస్తానంటే వద్దన్నాడు. ఎడమచేత్తో అన్నం కలుపుతున్నాడు. మెతుకులు లుంగీ మీద రాలుతున్నాయి. పక్కనే రెండేళ్ల కూతురు తండ్రిని చూసి, తనూ ఎడమచేయి గిన్నెలో పెట్టి నవ్వింది. ఏ ఇంట్లోనైనా ఆ చేతి మీద ఒక దెబ్బ పడుతుంది. అక్కడ ఎవరూ వద్దనలేదు.