గొర్రెల మామ తీర్పు

బండలోంచి నీళ్లు రప్పించిన దేవునికి స్తోత్రం. బావి దగ్గర అలసి కూర్చుని, దాహమంటే ఏమిటో మనలాగే ఎరిగిన ప్రభువుకు మహిమ.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఆ రోజుల్లో ఊరంతా రెండు పార్టీలు, రెండు వీధులు. టీ అంగళ్లు కూడా రెండే. నడుమ ఉన్న బోరింగు మాత్రం ఒకటి. అది చెడిపోయి రెండు నెలలైనా ఎవరూ ముట్టుకోలేదు. ఒక పార్టీవాళ్లు చెయ్యేస్తే, ఆక్రమించుకున్నారని రెండో పార్టీవాళ్లు కత్తులు తీస్తారని భయం. మోకాళ్ల నొప్పులతో మా అమ్మ పెన్నేటి ఇసుకలో నీళ్ల కోసం తవ్విన చెలమ దాకా నడిచి బిందె మోసుకొచ్చేది. ఆమె కోసమే నేను నాటకం రాశాను.

మా చర్చిలో నేను పిల్లలకు పాఠాలు చెప్పే వేసవి బైబిలు బడి ముగింపు రోజున దాన్ని వాళ్లతో వేయించాలి. కథ ఇదే: చెడిపోయిన బోరింగు, రెండు గుంపులు, తీర్పు చెప్పే పెద్దమనిషి. ఆ వేషానికి మాత్రం పెద్దవాళ్లే కావాలి, మనిషి దొరకలేదు. మా సంఘంలో మగవాళ్లంతా ఏదో ఒక పార్టీ రైతు దగ్గర కూలికి పోయేవాళ్లే. వాళ్ల తీర్పు రెండో వీధి వినదు.

చివరికి గొర్రెలు కాసే మామను అడిగాను. ఆయన మా సంఘం కాదు. కానీ విత్తే ముందు ఎరువు కోసం రెండు పార్టీల చేలల్లోనూ మంద కట్టేది ఆయనే. ఏ వీధిలోకైనా భయం లేకుండా నడిచేది కూడా ఆయనొక్కడే.

"నాకు సదువు రాదు గదమ్మే" అన్నాడు.

"నాలుగు మాటలే మామా. నేను నేర్పిస్తా."

"గొర్రెలకు సెప్పేది రెండే మాటలు. నాలుగంటే శానా ఎక్కువ."

ముగింపు రోజు సాయంత్రం పొద్దుండగానే బోరింగు పక్కన బల్లలు వేశాం. జనం వీధి ప్రకారం అటొక గుంపు, ఇటొక గుంపు కూర్చున్నారు. మామ ఉతికిన పంచెతో, పెద్ద తలపాగాతో వచ్చి నడుమ కూర్చున్నాడు. పిల్లలు బాగానే పోట్లాడారు. తీర్పు వేళకు ఆయన తలపాగా సర్దుకుంటూ బోరింగు వైపే చూశాడు. పక్కనుంచి నేను మాట అందిస్తున్నా వినిపించుకోలేదు.

"ఏంది మామా, గొర్రె తప్పిపోయిందా?" అని ఎవరో అరిచారు.

మామ లేచి, పిల్లలను వదిలేసి జనం వైపు తిరిగాడు.

"ఈ పాప రాసిచ్చింది మర్సిపోయినా. నా మాట సెప్తా. రేప్పొద్దున వీధికి నలుగురు మొగోళ్లు ఈడికి రావల్ల. పైపులు కలిసి పెరకల్ల. రాని వీధోళ్ల చేన్లలో ఈ తూరి మంద కట్టను."

"ఇది నాటకమా, నిజమా?"

"మీరొస్తే నాటకం. రాకుంటే నిజం."

రెండు గుంపులూ ఒకేసారి నవ్వడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. అయినా ఎవరొస్తారోనని మర్నాడు తెల్లారకముందే బోరింగు దగ్గరికి పోయాను.

ఎనిమిది మందిని రమ్మంటే పదకొండు మంది వచ్చారు. మామ నిన్నటి తలపాగా తీయనేలేదు. ఎదురెదురు వీధులవాళ్లు ఒకే పైపు పట్టుకున్నారు.

"లాగప్పా, సంగటి తినలేదా?"

"నువ్వు ఇడిసిపెట్టకుంటే సాలు, లాగుతా!"

అరిగిన తోలు వాషర్లకు బదులు కొత్తవి తేవడానికి వీధికొకరు చొప్పున ఇద్దరు ప్రొద్దుటూరు పోయారు, ఒకే మోటారు సైకిలు మీద! సాయంత్రానికి నీళ్లు పడ్డాయి. మొదటి బిందె ఎవరిదనే పేచీ రాకముందే మామ మా అమ్మ బిందె తెచ్చి కింద పెట్టాడు.

బిందె నిండాక అమ్మ దాన్ని ఎత్తుకోలేదు. అక్కడే నిలబడి కళ్లు మూసుకుంది. మీరూ వచ్చి ఆమె పక్కన కాసేపు నిలబడండి. ఆ పదకొండు మంది చేతుల కోసం, మామ మంద కోసం, ఇంకా ఒకటి కాని వీధుల కోసం మాతో కలిసి ప్రార్థించండి.